తడిగుడ్డ కింద కాపరులు

"చికాగో వెళ్లొచ్చావట, ఏం చూశావు?" అని నరసాపురంలో నన్ను అడగని వాళ్లు లేరు. ఆకాశాన్నంటే మేడలు చూశాను. సముద్రమే అనుకుని ఉప్పగా ఉందేమోనని నాలుకతో పరీక్షించిన సరస్సు చూశాను. కానీ ఆ మూడు రోజులూ నా మనసు మూడు వందల మైళ్ల వెనక, మా చెల్లెలి గరాజ్‌లో, ఒక పాత చీర ముక్క కింద ఉండిపోయింది. ఆ గుడ్డ తడిగా ఉందా, ఆరిపోయిందా? నా యాత్రంతా అదే.

ట్రాయ్: బయల్దేరక ముందే

మా చెల్లెలు ప్రమీల మిషిగన్‌లోని ట్రాయ్ ఊళ్లో ఉంటుంది. కార్ల కంపెనీలో ఉద్యోగం. ఆరు నెలలు తన దగ్గర ఉండి వెళ్లమని పిలిపించుకుంది. నేను వెళ్లిన రెండో నెలలోనే అక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలో నా గుట్టు బయటపెట్టింది. "మా అక్క కృపావతి మట్టి బొమ్మలు చేస్తుంది. ఈసారి క్రిస్మస్ పాకలో ప్లాస్టిక్ గొర్రెలు వద్దు, అక్కతో చేయిద్దాం" అంది.

నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు ఉబ్బసం. మా నాన్నగారు మా ఊరి సంఘంలో ఉపదేశి, వాక్యం బోధించేవారు. ఆయనే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. పలక కొనిస్తే నెలకొకటి పగలగొట్టేదాన్ని. ఆయన విసిగిపోయి కాలవ గట్టు మట్టి తెచ్చి, పాముల్లా పేనించి, వాటితో అక్షరాలు చుట్టించారు. 'అ' చుట్టడం వచ్చిన నెలకి గొర్రెని చుట్టడం వచ్చింది. 'క్ష' ఇప్పటికీ నాకు రాయడం కన్నా చుట్టడమే తేలిక. అప్పటినుంచీ మా సంఘంలో క్రిస్మస్ పాకలో కాపరులూ గొర్రెలూ నా చేతివే. దేవుడు నాకు ఊపిరి కాస్త తక్కువ ఇచ్చినా వేళ్లు మాత్రం పదీ సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చాడు. ఆయనకి స్తోత్రం.

ట్రాయ్‌లో మట్టి కూడా ప్లాస్టిక్ సంచీలోనే దొరుకుతుంది. పాతిక పౌండ్ల మట్టి ముప్పై డాలర్లు. ఆ ధరన మా కాలవ గట్టుని అమ్మితే జిల్లా అంతా ధనవంతులమే. ఆ మట్టితోనే ముగ్గురు కాపరుల్నీ ఆరు గొర్రెల్నీ ఒక గాడిదనీ చేశాను. ఒళ్లు పూర్తయ్యాయి, ముఖాలు మిగిలాయి. అంతలో వచ్చింది అభ్యంతరం.

అభ్యంతరం పేరు ప్రభుదాసు గారు. ఆ సంఘానికి పెద్ద. కార్ల కంపెనీలో ముప్పై ఏళ్లు ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ప్రమీల ఇంటికి రెండిళ్లవతల ఉంటారు. పొడుగు ముక్కు. మంచి మనిషే, కానీ ఆయన 'కాదు' అంటే ఆ సంఘంలో 'అవును' అనేవాళ్లు లేరు. ఆరాధన అయ్యాక అందరి ముందూ అన్నారు: "బొమ్మ అంటారు, విగ్రహం అంటారు, ఏంటమ్మా తేడా? ఈ ఏడు పాకలో పెడతాం. వచ్చే ఏడు ఎవరో ఒకరు దండేస్తారు. వచ్చే ఆదివారం కమిటీలో తేలుద్దాం."

నేను పెద్దలకి ఎదురు చెప్పేదాన్ని కాను. కానీ ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. నాకు యాభై ఎనిమిదేళ్లు. ఇన్నేళ్లూ భక్తితో చేశాననుకున్న పని తప్పేమో అన్న అనుమానం ఒకసారి పడితే వేళ్లు ముందుకి సాగవు. ఆదివారం ఆయన కాదంటే మట్టిని తిరిగి సంచీలో పెట్టేసి, ఇక్కడా నరసాపురంలో కూడా ఈ పని మానేద్దామని నిర్ణయించుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ప్రమీలకి మాత్రం నా ముఖం చూస్తే తెలిసిపోయింది.

"అక్కా, చికాగోలో ఒక ఎగ్జిబిషన్ ఉంది. ఫ్రెంచ్ లేడీ స్కల్ప్టర్. వందేళ్ల కిందటి మనిషి. ఈ వీక్‌తో క్లోజ్ అయిపోతోంది. బుధవారం వెళ్లి శుక్రవారం వచ్చేద్దాం. నేను ఆల్రెడీ లీవ్ పెట్టేశాను" అంది.

"మరి గుడ్డ తడిపేదెవరు?" అన్నాను.

పచ్చి మట్టి బొమ్మకి ముఖం పెట్టేదాకా తడిగుడ్డ కప్పి ఉంచాలి. పూటపూటా తడపాలి. ఒక్క రోజు మరిచిపోతే బీటలు వారుతుంది. మాతో రావడానికి సిద్ధమైన రత్నమ్మ గారు వెంటనే పరిష్కారం చెప్పారు. ఆవిడ ప్రభుదాసు గారి భార్య. వాళ్లది పాలకొల్లు. అమెరికా వచ్చి ముప్పై ఏళ్లయినా 'ఆయ్' అనడం మానలేదు.

"మా ఆయనున్నారు కదండీ. ఇంట్లో ఖాళీగానే ఉంటారు. నేను చెప్తానుండండి."

"అయ్యో, వద్దండీ! ఆయనకే ఈ బొమ్మలంటే పడదు."

"పడకపోతే కళ్లు మూసుకుని తడుపుతారు. ఆయ్!"

ప్రమీల పగలబడి నవ్వింది. "తడిగుడ్డతో గొంతులు కోస్తారని విన్నాను గానీ, అంకుల్ చేతికి తడిగుడ్డ ఇచ్చి బొమ్మల ప్రాణం నిలబెట్టమనడం ఇదే వినడం" అంది.

సంఘ పెద్దని నేరుగా అడగడానికి నాకు మొహమాటం. అందుకని ఏం చేయాలో రత్నమ్మ గారికి వివరంగా చెప్పాను. ఆవిడ వంట మధ్యలో ఆయనకి చెప్పారు. ఇందులో తప్పెక్కడ జరిగిందో తర్వాత తెలిసింది.

కలమజూ: పులిహోర, కన్నీళ్లు

బుధవారం పొద్దున్న ప్రార్థన చేసుకుని బయల్దేరాం. అక్కడి రోడ్లమీద హారన్ వినపడదు. రెండు గంటలపాటు ఎవరూ ఎవర్నీ తిట్టుకోకుండా కార్లు అలా పోతూనే ఉంటే ఏదో అపశకునంలా అనిపించింది. దారిలో కలమజూ అనే ఊరి బోర్డు కనిపించింది. "కలమంటారా, జూ అంటారా, ఏదో ఒకటి తేల్చుకోవచ్చుగా" అన్నారు రత్నమ్మ గారు.

ఆ ఊరి దగ్గర రోడ్డు పక్కన ప్రయాణికులు ఆగడానికి బల్లలు వేసి ఉంటాయి. మరుగుదొడ్లు అద్దంలా ఉంటాయి, డబ్బులు అడగరు. రత్నమ్మ గారు బల్లమీద పులిహోర, రొయ్యల పచ్చడి, పెరుగన్నం పరిచారు. పక్క బల్ల దగ్గర ఒక తెల్ల ముసలాయన ఒక్కడే రొట్టె తింటున్నాడు. వాసన పట్టి తల తిప్పాడు. ఒంటరిగా తినేవాణ్ణి చూస్తే ఆవిడకి చేయి ఆగదు. రొయ్యల పచ్చడి కలిపిన ముద్ద కాగితం పళ్లెంలో పెట్టి ఇచ్చారు.

కారంగా ఉంటుందా అని అడిగాడాయన. "నో, నో. లిటిల్" అన్నారీవిడ.

మొదటి ముద్దకి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. రెండో ముద్దకి కళ్లవెంట నీళ్లు కారాయి. అయినా పళ్లెం ఖాళీ చేసి, రుమాలుతో ముఖం తుడుచుకుని, చనిపోయిన తన భార్య ఉంటే ఇది ఎలా చేయాలో రాసుకునేదని చెప్పాడు. ప్రమీల ఆ మాట తెలుగులో చెప్పగానే రత్నమ్మ గారు సీసా మొత్తం ఆయన చేతిలో పెట్టేశారు. మిగిలిన రెండు రోజులూ మాకు పచ్చడి లేదు.

అక్కడినుంచే ఆవిడ భర్తకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు.

"ఏవండీ, మట్టి ఎలా ఉందండీ?"

"బ్రహ్మాండంగా ఉంది. గట్టిపడకుండా చూసుకుంటున్నాను. కృపావతమ్మగారిని బెంగ పెట్టుకోవద్దని చెప్పు."

నా గుండె కుదుటపడింది. ఆయన కొట్టిపారేసిన పనికి ఆయనే కాపలా కాస్తున్నారు, ఎంత పెద్ద మనసో అనుకున్నాను. ఇండియానా దాటేటప్పుడు గడియారం ఒక గంట వెనక్కి వెళ్లింది. అక్కడ అంతే, గీత దాటితే గంట ఉచితం. ఆ గంటకి కూడా దేవునికి వందనాలు చెప్పుకున్నాను.

చికాగో: చెప్పులు

మర్నాడు మ్యూజియానికి వెళ్లాం. టిక్కెట్టు ముప్పై పైచిలుకు డాలర్లు. కారు నిలిపినందుకు ఇంచుమించు రెండు టిక్కెట్ల డబ్బు. "మనం నిలబడి చూస్తే ఇంత. కారు ఊరికే నిద్రపోతే అంతా!" అని రత్నమ్మ గారు పార్కింగ్ మెషీన్‌నే నిలదీశారు.

ఆ శిల్పాల గదిలోకి అడుగుపెట్టగానే నాకు మా ఊరి గుడి, అదే మా చర్చి, గుర్తొచ్చింది. ఎత్తు పైకప్పు, పైనుంచి వెలుగు, గుసగుసలు. మా వైపు గుడిలోకి చెప్పులతో వెళ్లం, బయట విడిచి చాపమీద కూర్చుంటాం. నా కాళ్లు నన్నడక్కుండానే చెప్పులు వదిలేశాయి. గుమ్మం పక్కన జతగా పెట్టి లోపలికి నడిచాను.

పది నిమిషాల తర్వాత వెనక్కి చూస్తే ఇద్దరు కుర్రాళ్లు చేతులు కట్టుకుని నా చెప్పుల ముందు నిలబడి ఉన్నారు. ఒకడు గోడమీద వాటి పేరు రాసుందేమోనని వెతుకుతున్నాడు. ప్రమీల ముఖం చున్నీలో దాచుకుంది. కాపలా ఉన్న నల్లజాతి ఆవిడ, మంచి భారీ మనిషి, వచ్చి నా పాదాలు చూసి, చెప్పులు చూసి, నవ్వు ఆపుకుంటూ ఏదో అంది.

"ఏమంటోంది?"

"ఇక్కడ వేసుకోవాలంట, రూల్. కానీ వాళ్ల గ్రాండ్‌మదర్ చూస్తే నిన్ను మెచ్చుకునేదంట."

ఆవిడ నా మోచేయి పట్టుకుని, నేను చెప్పులు వేసుకునేదాకా నిలబడింది. ఆమెని దేవుడు చల్లగా చూడాలి.

ఫ్రెంచి దొడ్డమ్మ

ఆ శిల్పి పేరు నా నోటికి తిరగలేదు. నాలుగుసార్లు ప్రయత్నించాను. నాలుగుసార్లూ ప్రమీల నవ్వింది. అందుకని ఆవిణ్ణి ఫ్రెంచి దొడ్డమ్మ అని పిలుచుకున్నాను. ఫొటోలో చూస్తే దొడ్డమ్మలాగే ఉంది: పైకి ముడేసిన జుట్టు, మోచేతుల దాకా మట్టి, ఎవరైనా అడ్డొస్తే పక్కకి జరిపేసే చూపు.

శిల్పాల గురించి చెప్పడానికి ఒక ముసలావిడ ఉంది. జీతం లేదట, ఇష్టంకొద్దీ చేస్తోందట. ఆవిడ ఐదు నిమిషాలు చేతులూపుతూ మాట్లాడింది. ప్రమీల వైపు చూశాను.

"చాలా స్ట్రగుల్ అయిందంట అక్కా."

"ఐదు నిమిషాలకి ఇంతేనా?"

"సరే, వివరంగా చెప్తా, ఉండు."

దొడ్డమ్మ కాలంలో ఆడవాళ్లని శిల్పం నేర్పే బడుల్లోకి రానిచ్చేవారు కాదట. వాళ్ల నాన్న సమాధి రాళ్లు చెక్కే మనిషి. ఆయనే ఇంట్లో నేర్పాడు. ఈ మాట వినగానే నాకు ఆవిడ నిజంగానే చుట్టమైపోయింది. దేవతల్నీ రాజుల్నీ చేసే రోజుల్లో ఆవిడ బట్టలుతికే ఆడవాళ్లనీ చేపలమ్మేవాళ్లనీ చేసింది. ఒకసారి పోటీకి బొమ్మ పంపితే, ఇది ఆడదాని పని కాదు, వెనక ఎవరో మగవాడున్నాడని పెద్దలు ముగ్గురు ఆమె పని చేసుకునే చోటికే వచ్చారట. మా ముందు ఒక చేయి చేసి చూపించు అన్నారట. ఆవిడ మాట్లాడకుండా మట్టి తీసుకుంది. గంటలో చేయి తయారైంది. ఆ ముగ్గురిలో ఎక్కువ గట్టిగా మాట్లాడిన పెద్దాయన చేయే అది! వాచిన కణుపులు, వేలికి బిగుసుకుపోయిన ఉంగరంతో సహా. ఆయన తన చేతిని జేబులో పెట్టుకున్నాడట.

ఆ కంచు చేయి అక్కడే ఉంది. రత్నమ్మ గారు దాని చుట్టూ తిరిగి, "మా ఆయన చెయ్యిలాగే ఉందండీ" అన్నారు.

గది మధ్యలో ఒక చాకలి స్త్రీ, మనిషంత ఎత్తున, దుప్పటి పిండుతోంది. దగ్గరికెళ్లి చూస్తే ఆమె భుజాల మీద, బుగ్గల మీద, అంతటా బొటనవేలి ముద్రలు. మట్టిలో దొడ్డమ్మ నొక్కిన గుర్తులు, కంచులోకి పోత పోశాక కూడా అలాగే ఉన్నాయి. నునుపు చేయడం రాక కాదు. ఇది నా చేయి తప్ప ఇంకొకరిది కాదని తెలియడానికే అలా వదిలేసిందని ముసలావిడ చెప్పింది.

నేను నా బొటనవేలు చూసుకున్నాను. చిన్నప్పటినుంచీ నేను చివర్లో చేసే పని ఒక్కటే: నీళ్లలో వేలు ముంచి నా ముద్రలన్నీ చెరిపేయడం. కొట్లో కొన్న బొమ్మలాగా నునుపుగా ఉంటేనే నలుగురూ మెచ్చుకుంటారని.

ఆ పక్కనే ఇంకో ఫొటో. దొడ్డమ్మ బుగ్గలు పూరీల్లా ఉబ్బించి, నోట్లోంచి మట్టి బొమ్మ మీదికి నీళ్లు తుంపర్లుగా చల్లుతోంది. నేను గట్టిగా "అదిగో!" అన్నాను. కాపలా ఆవిడ మళ్లీ చూసింది. నేనూ అంతే చేస్తాను. గుడ్డ తడపడమే కాదు, మడతల్లోకి తడి వెళ్లాలంటే నోటితో చల్లాల్సిందే. ఇంట్లో ఎవరైనా చూస్తారని తలుపేసుకుని చేస్తాను.

"ఉండండి, మా ఆయనకి చెప్తాను. ఇలా ఉమ్మడం కూడా నేర్చుకోమంటాను" అని రత్నమ్మ గారు వరండాలోకి వచ్చి ఫోన్ చేశారు.

"నీళ్లా?" అన్నారు ప్రభుదాసు గారు స్పీకర్‌లో. "నీళ్లెందుకు? మట్టికి నీళ్లు తగిలితే పాడైపోదూ? హీటర్ పెట్టాను. నిన్న పొద్దున్నుంచీ ఆన్‌లోనే ఉంది. గరాజ్ వెచ్చగా ఉంది."

రత్నమ్మ గారు ఫోన్ నా చేతిలో పెట్టేశారు.

విషయం ఇది. ఆయన పనిచేసిన విభాగంలో కొత్త కార్ల నమూనాలు మట్టితో చేస్తారు, నిజం కారంత. అది మైనం కలిసిన మట్టి. దానికి నీళ్లు పనికిరావు, వేడి చేస్తే మెత్తబడుతుంది, చల్లబడితే గట్టిపడుతుంది. నేను పూటకోసారి గుడ్డ తడపాలి అని చెప్పింది రత్నమ్మ గారి నోట "మట్టి గట్టిపడకుండా చూడండి" అయింది. ఆయన ముప్పై ఏళ్ల అనుభవమంతా ఉపయోగించి చూశారు.

ఇక మొహమాటానికి టైము లేదు. మొదటిసారి ఆ పెద్దమనిషితో నేరుగా మాట్లాడాను. "అయ్యగారూ, ముందు హీటర్ ఆపేయండి. గుడ్డ తడిపి కప్పండి. బీటల్లో వేలితో నీళ్లు రాసి, మెత్తటి మట్టి నొక్కండి. తర్వాత... తర్వాత నోటితో నీళ్లు చల్లాలండి."

"నోటితోనా?"

"బుగ్గలు బాగా ఉబ్బించాలండి."

"నేను మట్టి ముట్టుకోలేదమ్మా ఎప్పుడూ. పక్కన నిలబడి కొలిచేవాణ్ణి, అంతే" అన్నారు.

డెవన్ వీధి, తిరుగు దారి

శుక్రవారం పొద్దున్న డెవన్ వీధిలో ఇడ్లీ తిన్నాం. వీధంతా మన దుకాణాలే. ఇడ్లీ మెత్తగానే ఉంది, కానీ నాకు మెత్తనిదేదీ చూడబుద్ధి కాలేదు. ప్రమీల ధైర్యం చెప్పబోయి, "పోనీలే అక్కా, బొమ్మలే లేకపోతే కమిటీలో గొడవే లేదు" అంది. అది ఓదార్పో వేళాకోళమో దానికే తెలియదు.

కారులో కళ్లు మూసుకుని ప్రార్థించాను. బొమ్మల్ని కాపాడమని అడగడానికి నోరు రాలేదు. బహుశా ఇదే జవాబేమో, ఆదివారం దాకా ఆగకుండా దేవుడే తేల్చేశాడేమో అనిపించింది. అందుకని వందనాలే చెప్పుకున్నాను. మా నాన్నగారి కాలవ మట్టికి, దొడ్డమ్మ వేలి ముద్రలకి, మోచేయి పట్టుకున్న కాపలా ఆవిడకి, రొయ్యల పచ్చడి తిని ఏడ్చిన పెద్దాయనకి. మిషిగన్‌లోకి రాగానే ఇచ్చిన గంటని వెనక్కి లాక్కున్నారు. దానికి కూడా సరేనన్నాను.

గరాజ్

గరాజ్ తలుపు పైకి లేచింది. ప్రభుదాసు గారు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నారు. చొక్కా ముందంతా తడి. మీసాల్లో మట్టి. ముందు బకెట్, చెంచా. నా పాత చీర ముక్కతోపాటు ఆయన ఆదివారం కండువా కూడా తడిసి బొమ్మల మీద ఉంది.

రత్నమ్మ గారు నడుమ్మీద చేతులు పెట్టుకున్నారు. "ఉమ్మారా?"

"చల్లాను" అన్నారాయన గంభీరంగా.

గుడ్డ తీశాను. గొర్రెలన్నీ ఉన్నాయి. గాడిదకి ఒక చెవి పోయింది. ఇద్దరు కాపరుల నడుము మీద బీటలు పూడ్చి ఉన్నాయి, వంకరగా, జాగ్రత్తగా. మూడోవాడి తల వెనక్కి విరిగిపడిందట. దాన్ని మళ్లీ అతికించడానికి నిన్నంతా పట్టిందట. అతికిస్తుంటే ముందుభాగం చప్పిడైందట. చప్పిడిగా ఉంటే చూడలేక ఆయనే...

మూడో కాపరికి ముఖం ఉంది. నేను పెట్టలేదు. ముక్కు పొడుగ్గా, నున్నగా, గాలిని చీల్చుకుపోయే కారు ముందుభాగంలా ఉంది. బుగ్గల మీద మాత్రం పెద్ద పెద్ద బొటనవేలి ముద్రలు.

"బాగాలేదు, నాకు తెలుసు" అన్నారాయన నేల చూస్తూ. "చెరిపేసి మళ్లీ చేసుకోమ్మా."

నా వేలు అలవాటుగా బకెట్‌లోకి వెళ్లింది. తడి వేలు ఆ బుగ్గ దాకా వచ్చి ఆగింది. చేయి కొంగుకి తుడిచేసుకున్నాను.

"ఉండనివ్వండి అయ్యగారూ" అన్నాను.

శనివారమంతా కూర్చుని మిగిలిన ఇద్దరికీ ముఖాలు పెట్టాను. నా ముద్రలు కూడా చెరపలేదు.

ఆదివారం

కమిటీలో నేను చివరి వరసలో కూర్చున్నాను, ఏమన్నా తల వంచుకునే సిద్ధపాటుతో. ప్రభుదాసు గారు లేచి రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

"విగ్రహమంటే మనిషి దణ్ణం పెట్టేది. ఈ బొమ్మల్లో ఒకదానికి ముక్కు నేను పెట్టాను. దానికి దణ్ణం పెట్టబోతే నాకే నవ్వొస్తుంది. కాబట్టి భయం లేదు, పెట్టుకోండి." కూర్చోబోయి మళ్లీ లేచారు. "కానీ ఆ మూడోవాణ్ణి వెనక వరసలో పెట్టండి."

పెద్దల మాటకి నేను ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఆ ఒక్కసారే తప్పాను. క్రిస్మస్ పాకలో మూడో కాపరిని అందరికన్నా ముందు, దీపం పక్కన నిలబెట్టాను.

పాకని చూడ్డానికి వచ్చిన ఒకావిడ ఆ కాపరి ముక్కుని చాలాసేపు తల వంచి చూసి, "ఈయన్ని ఎక్కడో చూసినట్టుందండీ" అంది.

"నేను రోజూ చూస్తూనే ఉన్నానండీ" అన్నారు రత్నమ్మ గారు. "ఆయ్."